ఐదుగురి తప్పు

స్టేడియం మైకులో లియన్ హ్రూష్కా నంబరు వినపడిందంటే డార్లాకి గుండె గుభేలుమనేది. మంచి పని చేసినందుకు ఆ నంబరు ఎవరూ పిలవరు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసిరినవాడికి చప్పట్లు, పట్టుకున్నవాడికి చప్పట్లు, పట్టుకుని పరిగెత్తినవాణ్ణి చూసి జనానికి పూనకాలు. వాళ్లకి ముందు వరసలో వంగి నిలబడి, మీదికొచ్చేవాళ్లని తమ ఒంటితో ఆపే ఐదుగురున్నారన్న సంగతి ఎవరికీ పట్టదు. ఆ ఐదుగురిలో ఒకడు ఎదుటివాడి చొక్కా పట్టుకుని దొరికిపోయినప్పుడు మాత్రం రిఫరీ నంబరు చదువుతాడు, స్టేడియమంతా ఒక్క గొంతుతో ఛీకొడుతుంది. అదొక్కటే వాళ్లకి దక్కే పేరు. టొలీడో జట్టుకి ఏళ్ల తరబడి ఆ ఐదుగురి నడిమధ్యన నిలబడ్డవాడు లియన్. డార్లా అతని భార్య.

భార్యలు కూర్చునే వరసలో డార్లా మిగతావాళ్లలా బంతిని చూసేది కాదు. బంతి ఎటు పోయిందో ఆమెకి అనవసరం. మనుషులు ఒకరి మీద ఒకరు పడ్డాక ఆ కుప్పలోంచి లియన్ లేచాడా లేదా, లేచినవాడు తిన్నగా నడుస్తున్నాడా లేదా అన్నదే చూసేది. మంచు కురుస్తున్నా ముందు వరసవాళ్లు చేతుల్లేని చొక్కాలే వేసుకునేవారు. చలేసిందని ఎదుటివాడికి తెలియకూడదట. ఇంటికొచ్చాక ఎర్రగా కమిలిన ఆ చేతులకి వేడినీళ్ల గుడ్డ చుట్టేది మాత్రం డార్లాయే.

లావుగా ఉన్నాడని జనం నవ్వేవారు. ఆ లావు ఊరికే వచ్చిందా! ఆకలున్నా లేకపోయినా పొద్దున్నే బాణలి నిండా గుడ్లు, గంటకోసారి మాంసం, పడుకోబోయే ముందు కూడా మళ్లీ తిండి. తూకం తగ్గితే కోచ్ గ్రాడీ మొహం మాడ్చుకునేవాడు. లియన్ తల్లి ఊరినుంచి పంపిన పియరోగీల గిన్నె ముందు కూర్చుని, ఆ బంగాళాదుంప ముద్దల్ని మందు మింగినట్టు మింగుతూ, "తినడం కూడా డ్యూటీయేనే డార్లా, దీనికి సెలవే లేదు" అనేవాడు లియన్. చేతివేళ్లు విరిగి అతుక్కుని ఒక్కోటి ఒక్కో దిక్కు చూసేవి. పెళ్లి ఉంగరం ఏ వేలికీ ఎక్కక గొలుసుకి గుచ్చి మెడలో వేసుకున్నాడు.

ఇద్దరిదీ పెన్సిల్వేనియా కొండల్లో వింటన్‌డేల్ అనే చిన్న ఊరు. అక్కడి బొగ్గు గనులు ఎప్పుడో మూతపడ్డాయి. లియన్ తాత స్లొవాకియా నుంచి వచ్చి ఆ గనుల దుమ్ము పీల్చి దగ్గి దగ్గి పోయాడు. తండ్రి స్కూలు బస్సుల మెకానిక్కు. హైస్కూల్లో లియన్ భుజాలు చూసి బంతి దగ్గర నిలబెట్టారు, ఇక అక్కణ్ణుంచి కదల్లేదు. కాలేజీ అయ్యాక రెండు జట్లు పిలిచి, కొన్నాళ్లు వాడుకుని, సంచీ సర్దుకోమన్నాయి. డార్లా అప్పుడు ఊళ్లో పళ్ల డాక్టరు దగ్గర పనిచేసేది. "వచ్చెయ్యరా బాబూ, బస్సులు బాగుచేసుకుని బతుకుదాం" అని ఫోన్లో బతిమాలింది. అప్పుడే టొలీడో పిలిచింది. ఆ పిలుపు రాకపోయుంటే ఎంత బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో ఆమెకే తెలుసు.

నడిమధ్యన నిలబడేవాణ్ణి సెంటర్ అంటారు, ఆ పని ఒంటి పనొక్కటే కాదు. వంగి, బంతిని కాళ్ల మధ్యనుంచి, దాన్ని విసరడానికి వెనకున్న క్వార్టర్‌బ్యాక్ చేతికి అందించాలి. అందించేముందే తలెత్తి ఎదుటి వరస చూసి, ఎవడు నిజంగా ఉరకబోతున్నాడో, ఎవడు ఉత్తినే బెదిరిస్తున్నాడో పసిగట్టి, ఎవరు ఎవర్ని ఆపాలో పక్కనున్న నలుగురికీ అరిచి చెప్పాలి. రెప్పపాటులో అయిపోవాలి అదంతా. ఆ అరుపు తప్పిందా, క్వార్టర్‌బ్యాక్ పక్కటెముకలు విరుగుతాయి. అరిచిన మరుక్షణం ఎదుటివాడి తల వచ్చి అతని తలకి తగులుతుంది. ప్రతిసారీ తగులుతుంది. హెల్మెట్లున్నాయిగా అంటారు పెద్దమనుషులు. హెల్మెట్ పుర్రెని కాస్తుంది, మరి లోపల మెదడు అదరకుండా ఎవరు పట్టుకుంటారు? దెబ్బ గట్టిగా తగిలి కిందపడితే డాక్టర్లు పరీక్షలు చేసేవారు. కిందపడని దెబ్బలకి ఏ పరీక్షా లేదు.

లియన్‌కి ఎడంపక్కన నిలబడేవాడు ఓటిస్ ప్రుయిట్. మిసిసిపీ వాడు, అక్కడి అలవాటుగా డార్లాని మర్యాదకి 'మిస్' అనేవాడు. వయసులో చిన్న, ఒంట్లో లియన్‌కి తీసిపోడు. వేసవిలో హ్రూష్కాల పెరట్లో మాంసం కాల్చుకునేటప్పుడు అతను ఒకే కథ మళ్లీ మళ్లీ చెప్పేవాడు.

"మిస్ డార్లా, అప్పుడు నేను కొత్త. సోమవారం మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి ముందురోజు ఆడిన ఆట సినిమా వేశారు. కోచ్ మధ్యలో ఆపి, 'ఎవడ్రా ఈ వెధవ పని చేసింది?' అన్నాడు. నేను టక్కున పక్కవాడికేసి వేలు చూపించా. ఇదిగో, ఈ పెద్దోడు నా వేలు పట్టుకుని కిందికి వంచాడు. ఇవాళ్టిక్కూడా తిన్నగా లేదు చూడండి."

"నీ వేలు పుట్టుకతోనే వంకర్రా" అన్నాడు లియన్.

"తర్వాత బయటికి తీసుకెళ్లి ఏమన్నాడో తెలుసా? 'ఈ వరసలో పేర్లుండవు. ఎవడు తప్పినా తప్పు ఐదుగురిది. కోచ్ అడిగితే ఐదుగురం చెయ్యెత్తుతాం. ఇంకోసారి వేలు చూపించావో, ఆ వేలు విరిచి నీ జేబులో పెట్టి మీ అమ్మ దగ్గరికి పంపిస్తా' అన్నాడు. మా అమ్మ కూడా నన్నంత భయపెట్టలేదండీ."

"భయపడ్డావుగా, బాగుపడ్డావు" అని లియన్ అతని వీపు చరిచేవాడు. డార్లాకి కూడా ఆ కట్టుబాటు ముచ్చటగానే ఉండేది. బయట ప్రపంచంలో తప్పు పక్కవాడి మీదికి తోసేవాళ్లే గానీ, పంచుకునేవాళ్లు ఎక్కడున్నారు అనుకునేది.

మొదట ఆమెకి లియన్‌లో తేడా కనిపించింది మామీ నది ఒడ్డున. చలి తగ్గుముఖం పట్టగానే ఊరి పక్కనున్న సరస్సులోంచి వాలై చేపలు నదిలోకి ఎదురెక్కుతాయి. ఊళ్లో మగాళ్లంతా నడుములోతు నీళ్లలో వరసగా నిలబడి గాలాలు వేస్తారు. లియన్ కూడా రబ్బరు పాంట్లు తొడుక్కుని నిలబడ్డాడు. డార్లా ఒడ్డున కాఫీ పట్టుకుని చూస్తోంది. గాలానికి ముడి వెయ్యడానికి దారం చేతిలోకి తీసుకున్నవాడు అలాగే ఉండిపోయాడు. చిన్నప్పట్నుంచీ కళ్లు మూసుకుని వేసే ముడి. దారాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, విప్పాడు, మళ్లీ మొదలెట్టాడు. పక్కనున్నవాళ్లకి చేపలు పడుతున్నాయి. చివరికి "దరిద్రపు దారం" అని కర్రతో సహా నీళ్లలోకి విసిరేశాడు. కారెక్కాక ఏడ్చాడు. ఎందుకు ఏడుస్తున్నావంటే తెలీదన్నాడు.

ఆ తర్వాత ఒకటొకటిగా బయటపడ్డాయి. పాలు తెస్తానని వెళ్లినవాడు సాయంత్రం ఎక్కడో ఉన్న పెట్రోలు బంకు నుంచి ఫోను చేసి, మన వీధి పేరేమిటి అని అడిగాడు. ఉప్పు డబ్బా కనపడలేదని వంటింటి తలుపుకి పిడికిలితో కన్నం పెట్టాడు. అడిగిందే అడగడం, చెప్పింది చెప్పలేదనడం.

సరిగ్గా ఆ వేసవిలోనే ఇంకో రెండు సీజన్లు ఆడమని జట్టు కాగితాలు పంపింది. లియన్ వాటిని వంటింటి బల్లమీద పెట్టి ఆమె ముందు కూర్చున్నాడు.

"ఆపెయ్యమంటే ఆపేస్తా డార్లా. నా తల నాకు కనపడదుగా, నీకు కనపడుతుంది. నువ్వే చెప్పు."

"నిజంగా ఆపేస్తావా?"

"నీ నోటితో వద్దని చెప్పు, ఇప్పుడే ఊరికి ఫోను చేసి బస్సుల పని అడుగుతా. నువ్వు చెప్పకుండా మాత్రం నాకై నేను ఆపలేను. నా వల్ల కాదు."

వద్దన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. కానీ అంత పెద్ద మాట అనేముందు ఒక్క సంగతి తేల్చుకోవాలనుకుంది. ఇంట్లో మర్చిపోతున్నాడు సరే. రెప్పపాటులో ఎదుటి వరస చదివి అరవాల్సిన చోట కూడా తప్పుతున్నాడా? అక్కడ తప్పకపోతే ఇది ఉత్త అలసటే కావచ్చు. ఆ సంగతి తెలిసినవాళ్లలో తను అడగ్గలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆ ఆదివారం పెరట్లో లియన్ మంచుగడ్డల కోసం లోపలికి వెళ్లగానే, డార్లా పొయ్యి దగ్గరున్న ఓటిస్‌ని నిలదీసింది.

"ఓటిస్, ఒక్కమాట అడుగుతా, నిజం చెప్పు. పోయిన సీజన్లో లియన్ అరుపులేమైనా తప్పాడా?"

ఓటిస్ అప్పుడే తిరగేసిన మాంసాన్ని మళ్లీ తిరగేశాడు.

"ఎందుకండీ అలా అడుగుతున్నారు?"

"ఇంట్లో అన్నీ మర్చిపోతున్నాడు. దారి కూడా."

"ఇంట్లో మగాళ్లందరం మర్చిపోతాం మిస్ డార్లా. మా ఆవిణ్ణి అడగండి, దాని పుట్టినరోజు నాకు గుర్తొచ్చేది అది అలిగాకే."

"నన్ను నవ్వించకు. ఆటలో తప్పాడా, లేదా? దీనిమీదే నేను ఆయనకి ఔననాలో వద్దనాలో ఉంది."

ఓటిస్ పొగలోంచి కళ్లు చికిలించి చూశాడు. "ఒక్కటి కూడా తప్పలేదండీ. మా అమ్మ మీద ఒట్టు" అన్నాడు.

డార్లాకి ప్రాణం లేచొచ్చింది. వాళ్లమ్మంటే ఓటిస్‌కి ఎంత భక్తో ఆమెకి తెలుసు. సాయంత్రం లియన్ ముందు కాగితాలు పెట్టి, "సంతకం చెయ్యి" అంది. పెన్ను కూడా ఆమే ఇచ్చింది.

ఆ సీజనంతా ఆమె కొంచెం నిబ్బరంగా కూర్చుంది. ఓటిస్ చెప్పింది నిజమే, వరస చెదిరేది కాదు. ఒక్కటి మాత్రం కొత్తగా గమనించింది. లియన్ వంగి నిలబడగానే ఓటిస్ అతని వైపు తల వాల్చి ఏదో గొణిగేవాడు, ఆ తర్వాతే లియన్ అరిచేవాడు. ప్రార్థన కాబోలనుకుంది. ఆటగాళ్లకి ఇలాంటి నమ్మకాలు బోలెడు. ఇంట్లో లియన్ పరిస్థితి మాత్రం రోజురోజుకీ దిగజారింది. ఎప్పుడో పోయిన నాన్నమ్మ భోజనానికి వచ్చిందా అని ఒకసారి అడిగాడు. ఆటలో ఒక్క తప్పూ లేదుగా, ఒక్క తప్పూ లేదుగా అని డార్లా జపంలా అనుకుంటూ గడిపింది.

రెండో సీజన్లో, నవంబరులో, సరస్సు మీంచి మంచు అడ్డంగా కొడుతున్న రోజున ఓటిస్ చీలమండ విరిగింది. బండి మీద పడుకోబెట్టి తీసుకెళ్లిపోయారు. బెంచీ మీదున్న ఇంకొకణ్ణి అతని చోట నిలబెట్టారు. ఆ బండి స్టేడియం కింది సొరంగంలోకి వెళ్లేదాకా లియన్ దానికేసే చూస్తూ నిలబడటం డార్లా చూసింది. తర్వాత బంతి దగ్గరికొచ్చి వంగాడు. ఎడంపక్కకి తల తిప్పాడు. అక్కడున్నవాడు ఏమీ చెప్పలేదు. అతను ఎందుకు చెప్తాడు, చెప్పాల్సింది లియనే కదా! లియన్ ఎదుటి వరస చూశాడు, మళ్లీ ఎడంపక్కకి చూశాడు. వెనకనుంచి క్వార్టర్‌బ్యాక్ అరుస్తున్నాడు. టైము మించిపోయింది, రిఫరీ ఈల వేశాడు. మైకులో లియన్ నంబరు వినపడింది. జనం ఛీకొట్టారు.

మళ్లీ వంగాడు. ఈసారి బంతి వెనక్కి పంపాడు గానీ, అది క్వార్టర్‌బ్యాక్‌కి కాదు, ఎవరూ లేనివైపు వెళ్లింది. అందరూ బంతికోసం ఉరికారు. లియన్ ఉరకలేదు. మంచులో నిలబడి "ఓటిస్! ఓటిస్!" అని పిలుస్తున్నాడు, సంతలో తప్పిపోయిన పిల్లాడిలా. జనానికి అది నవ్వులాట అయింది. డార్లాకి అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ప్రార్థన కాదది. ఆ గొణుగుడు ప్రార్థన కానే కాదు. మెట్ల మీద మనుషుల్ని తోసుకుంటూ కిందికి పరిగెత్తింది.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి వెళ్లింది. ఓటిస్ కాలు కట్టుతో పైకి వేలాడుతోంది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది.

"మిస్ డార్లా, ముందు కూర్చోండి."

"కూర్చోను. ఎన్నాళ్ల నుంచి నువ్వు చెప్తున్నావు, ఆయన అరుస్తున్నాడు?"

ఓటిస్ గోడకేసి చూశాడు. "మీరు నన్ను అడిగారే పెరట్లో... అంతకుముందు సీజన్ నుంచే."

"అప్పటికే నీకు తెలుసన్నమాట. తెలిసే అమ్మ మీద ఒట్టేశావు."

"ఒట్టు అబద్ధం కాదండీ. తప్పు అరుపు ఒక్కటి కూడా బయటికి రాలేదు. నేను రానివ్వలేదు."

"నేను అరుపుల గురించి అడిగానా? నా మొగుడి గురించి అడిగాను!"

"నన్నేం చెయ్యమంటారు? పేరు చెప్పకూడదని నాకు నేర్పిందే ఆయన. మిగతా ముగ్గురికీ తెలుసు, వాళ్లూ చెప్పలేదు. ఒక్కమాట బయటపడితే మర్నాడే జట్టు ఆయన్ని గెంటేసేది. ఆయనకి ఆట తప్ప ఏముందండీ? కాపాడుతున్నాననుకున్నా. దేవుడి సాక్షి, కాపాడుతున్నాననే అనుకున్నా."

"నేను లేనా?" అంది డార్లా. "ఆట తప్ప ఏముందంటావేం, నేను లేనా? నా మాట మీద ఆపేసేవాడు. ఆ మాట నా నోట్లో ఉంది, దాన్ని నువ్వు మింగించావు. మళ్లీ మా గుమ్మం తొక్కకు."

ఓటిస్ పిలుస్తూనే ఉన్నాడు, ఆమె ఆగలేదు.

ఇక మిగిలింది చెప్పడానికి కూడా నోరు రాదు. జట్టు ఇంకో సెంటర్‌ని చూసుకుంది, జనం వారంలో మర్చిపోయారు. ముందే మానేసుంటే బాగుండేదా అని డార్లా అడిగితే, ఎంత మిగిలేదో చెప్పలేం గానీ కొంత మిగిలేదేమో అన్నాడు మెదడు డాక్టరు. ఆ 'కొంత' అన్న మాట ఆమెని కాల్చుకుతింది. తినమని తరిమేవాళ్లు లేక లియన్ చిక్కిపోయాడు, పాత చొక్కాలు ఒంటిమీద వేలాడేవి. మొదట్లో కోపాలు, అరుపులు, విసిరికొట్టడాలు. ఆమె చేతులమీద కమిలిన మచ్చలుండేవి, ఎండాకాలంలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకునేది. తర్వాత ఆ కోపం కూడా పోయింది. పోయాక తెలిసింది ఆమెకి, కోప్పడుతున్నంతకాలం ఇంట్లో ఆయన ఉన్నాడని. ఇప్పుడు చాలా మర్యాదస్తుడైపోయాడు. పనికి కుదిరిన మనిషనుకుని డార్లాని "ఏమండీ" అని పిలిచేవాడు, అన్నం పెడితే "మీకు శ్రమ ఇస్తున్నాను" అనేవాడు. ఆ మర్యాదకి ఆమె గుండె పగిలిపోయేది. సంతకం చెయ్యమన్నది నేనే, పెన్ను ఇచ్చింది నేనే అని తనలో తనే కుమిలిపోయేది. ఓటిస్‌ని తిట్టుకున్న రోజున అంతకంటే ఎక్కువ తనని తిట్టుకునేది.

ఏళ్లు గడిచాక ఒక మధ్యాహ్నం ఓటిస్ వచ్చాడు. ఆట మానేశాడు, కుంటుతున్నాడు, జుట్టు నెరిసింది. మెట్ల కింద టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తరిమేద్దామనుకుంది డార్లా, కానీ తిట్టే ఓపిక కూడా ఆమెలో మిగల్లేదు.

"మీకు క్షమాపణ చెప్పుకుందామని..."

"నాకొద్దు. అదుగో, వరండాలో కూర్చున్నాడు. చెప్పుకునేదేదో ఆయనకే చెప్పుకో" అని లోపలికి వెళ్లబోయి, వెళ్లలేక గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఓటిస్ కుర్చీ లాక్కుని లియన్ ఎదురుగా కూర్చున్నాడు. "పెద్దోడా, నేను, ఓటిస్‌ని."

"సంతోషమండీ" అన్నాడు లియన్. "దూరం నుంచి వచ్చారా?"

"నీ పక్కన ఆడేవాణ్ణి. నీకు అరుపులు గుర్తుండేవి కావు, నేను..."

లియన్ వెనక్కి తిరిగి చూశాడు, ఎవరితో మాట్లాడుతున్నాడో అని. వెనక ఎవరూ లేరు. ఇక 'నువ్వు' అనడం ఓటిస్‌కి చాతకాలేదు.

"ఒకాయన పక్కన ఆడేవాణ్ణండీ" అని మళ్లీ మొదలుపెట్టాడు. "నాకు పని నేర్పాడు. తర్వాత ఆయన మతి తప్పుతోందని నాకు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. ఆయన మర్చిపోయినవన్నీ నేనే చెవిలో చెప్పి ఆడించా. అన్నాళ్లూ ఆ తలకి దెబ్బలు తగులుతూనే ఉన్నాయి."

లియన్ శ్రద్ధగా విన్నాడు. "మంచి ఆటగాడా ఆయన?"

"నేను చూసినవాళ్లలో ఆయన్ని మించినవాడు లేడు."

"అయ్యో" అన్నాడు లియన్, నిజంగానే బాధపడుతూ. కాసేపు తన వంకర వేళ్లకేసి చూసుకున్నాడు. "పెళ్లయిందా?"

"అయిందండీ."

"మరి ఆవిడకైనా చెప్పాల్సిందండీ. ఎవరి మాట వినకపోయినా పెళ్లాం మాట వినేవాడు. ఆవిడ ఆపేసేది."

ఓటిస్ టోపీలో మొహం దాచుకున్నాడు. ఈ పరాయి మనిషి ఎందుకు ఏడుస్తున్నాడో లియన్‌కి అర్థం కాలేదు. సాయం కోసం గుమ్మంలో నిలబడ్డ డార్లాకేసి తిరిగాడు.

"ఏమండీ, మీరు చెప్పండి. ఆవిడ ఆపేసేదా, కాదా?"

"ఆపేసేదండీ" అంది డార్లా.